ఏసురత్నమ్మ గారి కాపలా

చందానగర్‌లో మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఏసురత్నమ్మ గారికి చేతకాని పని ఒక్కటే, ఊరుకోవడం. పెద్దాసుపత్రిలో నర్సుగా జ్వరాలు చూసి చూసి రిటైరయ్యాక, వీధిలోవాళ్ల కాపురాలకు జ్వరం చూడటం మొదలుపెట్టారు. నా కూరల్లో కారం ఎక్కువని, మా ఆయనకు బీపీ వస్తే ఆ పాపం నాదేనని కింది నుంచే కేకలేసేవారు. అవి ఉద్యమం రోజులు. కింద ఆవిడ గేటుకు జై తెలంగాణ జెండా, పైన కోస్తా నుంచి వచ్చిన మేము. "మీ ఆంధ్రోళ్లతోని లొల్లి రోడ్డు మీద, ఇంట్ల గాదు. గోంగూర పచ్చడుంటే జర తే" అనేవారు. తెచ్చేదాన్ని. తిట్టుకుంటూనే తెచ్చేదాన్ని.

ఇలాంటి మనిషికి కోర్టు కూడా ఒక పని అప్పగించింది. చర్చిలో ఆవిడ నడిపే సండే స్కూల్లో పాటలు నేర్చుకుని పెరిగిన లీదియా ఇప్పుడు బాచుపల్లిలో టీచరు. భర్త డేవిడ్‌ది తెనాలి, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇద్దరికీ పడక విడిపోయారు. ఆ గొడవల్లో డేవిడ్ ఒకరోజు నాలుగేళ్ల కూతురు బ్లెస్సీని ఎవరికీ చెప్పకుండా తెనాలి తీసుకుపోయాడు. ఫోను కూడా ఎత్తలేదు. పిల్ల తిరిగొచ్చింది గానీ, లీదియాకు పోయిన నమ్మకం తిరిగి రాలేదు. అందుకే ఫ్యామిలీ కోర్టు, తండ్రి పిల్లను చూడొచ్చు గానీ ఆదివారం ఆరాధన అయ్యాక, ఇద్దరూ ఒప్పుకున్న పెద్దమనిషి కళ్ల ముందే చూడాలంది. ఆ పెద్దమనిషి మా ఓనరమ్మ.

ప్రతి ఆదివారం కింద ఆవిడ వరండాలో ఆ తంతు జరిగేది. ఏసురత్నమ్మ గారు కుర్చీలో. లీదియా గేటు దగ్గర, గొళ్లెం మీద చెయ్యి తీయకుండా. డేవిడ్ బొమ్మలూ చాక్లెట్లూ తెస్తే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "నువ్వు తండ్రివి, చుట్టానివి గాదు. జడెయ్యి, అన్నం తినిపియ్యి" అనేవారు. అతను వేసిన జడ కంటే విరబోసిన జుట్టే నయమనిపించేది. అయినా బ్లెస్సీ కదలకుండా కూర్చునేది.

అంతా ఓ దారిన పడుతోందనుకుంటుండగా సాక్ష్యం వచ్చిపడింది. వాళ్ల చర్చిలో ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెబుతారు. అదే సాక్ష్యం. చర్చి పక్క సందులోనే కాబట్టి మైకు మా వంటింట్లోనే ఉన్నట్టుంటుంది. ఆ రోజు పప్పుకు తాలింపు పెడుతుంటే డేవిడ్ గొంతు వినిపించింది. వారానికి ఒకసారైనా కూతుర్ని చూపిస్తున్నందుకు దేవునికి స్తోత్రమన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"నా భార్య హృదయం రాయిలా ఉందండి. దాన్ని మెత్తబరచమని సంఘమంతా ప్రార్థన చేయండి" అన్నాడు. సంఘం ఆమెన్ అంది. నా తాలింపు మాడిపోయింది.

కాసేపటికి లీదియా పిల్లను చంకనేసుకుని వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. "ఇగ నాతోని కాదు ఆంటీ. వచ్చే వాయిదాల ఈ కలుసుడే బంద్ పెట్టమని లాయరుకు చెప్త."

వెనకే వచ్చిన డేవిడ్, "నేనేం తప్పు మాట్లాడానండీ? ప్రార్థనే కదా అడిగాను" అన్నాడు.

ఏసురత్నమ్మ గారు కుర్చీలోంచి లేచారు. "సాక్ష్యమంటే మన పాపం మనం ఒప్పుకునుడు. పెండ్లాం పాపం మైకుల చదువుడు గాదు. ఆమె గుండె రాయైతే, చేసినోనివి నువ్వు గాదా? తెనాలి ముచ్చట చెప్పినవా అండ్ల?"

డేవిడ్ ఆ ఆదివారం పిల్లను తాకకుండానే వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఆవిడ లీదియాను బతిమాలారు. చివరికి, "ఇంకొక్క ఆదివారం చూద్దాం. వాడు రాకుంటే నేనే కోర్టుకొచ్చి వద్దని చెప్త" అనేశారు. అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు ఎలాగూ లేవు. ఆ ఆదివారం ఆటోలు బంద్, రైలు రోకోతో రైళ్లూ బంద్. డేవిడ్ ఆఫీసు క్యాబెక్కి తిరిగే రకం, స్కూటర్ నడపడం కూడా రాదు. "జెండాలు కట్టారుగా, ఇప్పుడు వాడెలా వస్తాడో మీరే చెప్పండి" అన్నాను ఉక్రోషంగా.

"తెలంగాణ వస్తది, వాడూ వస్తడు. నువ్వు ఫికర్ పడకు" అన్నారు. కానీ పొద్దున్నుంచి గేటు వైపే చూస్తున్నారు.

ఆరాధన అయిపోయింది. మైకులో డేవిడ్ గొంతు వినిపించలేదు. స్కూటీ మీద వచ్చిన లీదియా గేటు దగ్గర చాలాసేపు నిలబడి, ఇక వెళ్దామని పిల్ల చెయ్యి పట్టుకుంది. అప్పుడు కనిపించాడు సందు మొదట్లో, కుంటుకుంటూ. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. తెగిన చెప్పులు చేతిలో ఉన్నాయి. మాదాపూర్ నుంచి కొండాపూర్, హఫీజ్‌పేట మీదుగా నడిచొచ్చాడట. లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు.

"సంఘం ముందు చెబుదామనుకున్నాను, అందుకోలేకపోయాను. లీదియా, నీ మీద కోపం తీర్చుకోవడానికి పిల్లను తీసుకుపోయాను. నిన్ను చంపినంత పని చేశాను. అది నా పాపం. వచ్చేవారం మైకులోనే చెప్తాను."

"మైకుల వద్దు" అంది లీదియా. "నాకు చెప్పినవు గదా. చాలు."

గేటు తీసింది. బ్లెస్సీ ఎగిరి తండ్రిని కరుచుకుంది. లీదియా నా వైపు తిరిగింది. "అక్కా, కూరగాయలేమన్న దొరుకుతయేమో, పోయొద్దమా?" ఆ గేటు వదిలి ఆ అమ్మాయి కదలడం అదే మొదలు. నేను సంచి తీసుకోవడానికి పరుగెత్తాను, మనసు మార్చుకుంటుందేమోనని.

మార్కెట్లో వాడిపోయిన వంకాయలే ఉన్నాయి. లీదియా ధ్యాసంతా ఇంటి దగ్గరే, పుచ్చులన్నీ ఏరి సంచిలో వేసుకుంది. తిరుగుదారిలో నడక కాదు, పరుగే.

గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో ఏసురత్నమ్మ గారు తల వెనక్కి వాల్చి గురక పెడుతున్నారు. వారమంతా పడ్డ ఆరాటం ఒక్కసారి తీరి నిద్ర ముంచుకొచ్చినట్టుంది. డేవిడ్ లేడు. పిల్ల లేదు.

లీదియా చేతిలో సంచి జారిపోయింది. వెనక్కి తిరిగి సందులోకి పరుగెత్తబోయింది.

మెట్ల పక్క నుంచి "ష్" అని వినిపించింది. అక్కడ కుళాయి దగ్గర డేవిడ్ చతికిలబడి ఉన్నాడు. బొబ్బలెక్కిన అతని పాదం మీద బ్లెస్సీ తడిగుడ్డ అద్దుతోంది. "మమ్మీ, లొల్లి చెయ్యకు. అమ్మమ్మ పండుకుంది" అంది గుసగుసగా.

లీదియా కింది మెట్టు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ కళ్లు తుడుచుకున్నాను, ఎందుకు దాచాలి.

ఆ అలికిడికి ఏసురత్నమ్మ గారు ఉలిక్కిపడి లేచారు. ఎదురుగా ఖాళీ వరండా, తెరిచిన గేటు. "అయ్యో ప్రభువా! పిల్ల ఏది? లీదియా, పిల్ల ఏదే!"

లీదియా వెళ్లి ఆవిడ భుజాలు పట్టుకుని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది.

"పిల్ల వాళ్ల డాడీ దగ్గరున్నది ఆంటీ. మీరు పండుకోండ్రి."