అన్న కారు మూడో గేరు

దర్జీకి తన తెల్ల కారంటే ఎక్కడలేని పొగరు. మెడలో టేపు వేలాడుతుండగానే అన్నకి ఇంజన్ల లెక్కలు చెప్పేవాడు. "నాది వెయ్యి సీసీ, నీది పదిహేనొందలు. అయినా ఏం లాభం అన్నయ్యా? ఎత్తు వస్తే నీ బండికి ఆయాసమే!" ప్రతి ఆదివారం కొండరోడ్డు మీద పందెం. ప్రతిసారీ అన్న నీలం కారు మలుపు దగ్గర వెనకబడేది. "ముసలిదైపోయిందిరా," అని అన్న నవ్వేవాడు. దాని స్టీరింగు మాత్రం తమ్ముణ్ణి ముట్టనిచ్చేవాడు కాదు.

అన్న పోయాక, వదిన అమ్మిపెట్టమంటే, దర్జీ మొదటిసారి ఆ కారు నడిపాడు. మలుపులో గేరు తగ్గించబోయాడు. అక్కర్లేకపోయింది. మూడో గేరులోనే బండి అవలీలగా ఎత్తు ఎక్కేసింది.

"కావాలనే ఓడిపోయేవాడివా అన్నయ్యా?"

అలవాటుకొద్దీ అద్దంలో వెనక్కి చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది.