నా పేపర్లో లలిత ఎవరు?

రెండేళ్ల కింద మల్దకల్ దగ్గర పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనిచేసే ఆడవాళ్ల మీద ఒక రీసెర్చ్ పేపర్ రాశాను. ఇంగ్లిష్‌లో అచ్చయింది. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే తప్ప ఎవరికీ తెరుచుకోదు. "ఏం రాసినవో జర సదివి ఇనిపియ్యి మేడం" అని, అప్పుడు నాతో మాట్లాడిన కూలీల్లో ఒకరైన శంకరమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతూనే ఉంది. ఈ రోజు సెలవు దొరికితే వనపర్తి నుంచి రెండు బస్సులు మారి వెళ్లాను. వాళ్లింటి ముందు కూర్చుని, ఒక్కో పేజీ తెలుగులో చెప్పుకుంటూ పోయాను.

పొద్దున్నే మగపువ్వు తెంపి ఒక్కో ఆడపువ్వుకూ రుద్దడం, మందు వాసనకు తల తిరగడం, అన్నీ శ్రద్ధగా విన్నది. మధ్యలో ఆపింది.

"గీ లలిత ఎవరు? గీ ముచ్చట నేను చెప్పింది గద."

"అది నువ్వే శంకరమ్మా. మీకు ఇబ్బంది రావొద్దని పేర్లు మార్చి రాస్తాం. రూలు అది."

"నన్ను అడిగినవా?"

అడగలేదు. ఆ సంగతి ఉన్న ఫారం మీద వేలిముద్ర వేయించుకున్నాను గానీ, చదివి వినిపించలేదు.

ఆమె కాగితాలు తీసుకుని మొదటి పేజీలో పెద్దక్షరాల మీద వేలు పెట్టింది.

"గిదేంది?"

"నా పేరు."

"మరి నీది మార్సలేదా?"

ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా నొప్పులు. పరిశోధనలు చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి, మీరైతే ఏమనేవారు? నేనైతే బస్సు టైమైందని లేచి వచ్చేశాను.