అరిగిన బ్రష్షులు

ఆవిడ అసలు పేరు అత్తగారికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అత్తగారు కూడా మరిచిపోయే దారిలోనే ఉన్నారు. కాలనీ మొత్తానికీ ఆవిడ పళ్ళక్క. సంచిలో ప్లాస్టిక్ దవడ వేసుకుని నలభై ఇళ్ళూ తిరుగుతూ, "అలా అడ్డంగా రుద్దకండర్రా, అది నోరా, మాడిన గిన్నా?" అని అరవడమే ఆవిడ ఉద్యోగం. మూడేళ్ళయింది. ఒక్క పన్నూ బాగుపడలేదు. అయినా ఆ పనంటే ఆవిడకి ప్రాణం.

దంత ఆరోగ్య పథకం కార్యాలయం వాళ్ళకి ఊరందరి నోళ్ళూ చూసే ఓపిక ఎక్కడిది? అందుకని మహా గొప్ప ఉపాయం కనిపెట్టారు. మనిషికో కొత్త బ్రష్షు ఇచ్చి, మూడు నెలలయ్యాక కుచ్చు ఎంత అరిగిందో స్కేలు పెట్టి కొలుస్తారు. అరిగితే పళ్ళు తోమినట్టు. అరగకపోతే పథకం ఎత్తేసినట్టు, పళ్ళక్క ఇంట్లో కూర్చున్నట్టు.

కొలతలకి వారం ఉందనగా ఆవిడ ఇల్లిల్లూ చూసింది. బ్రష్షులన్నీ ప్యాకెట్లలోనే నవనవలాడుతున్నాయి. దర్జీ ఇంటి గుమ్మంలో కూలబడి, "నేను పోతే ఈ పిల్లల పళ్ళు ఎవరు చూస్తారే తల్లీ!" అని ఏడ్చేసింది.

దర్జీ భార్య మనసు కరిగిపోయింది. "ఊరుకో అక్కా. వారంలో అరగ్గొట్టేస్తాం."

అరగ్గొట్టారు, మహానుభావులు! మెకానిక్ సైకిల్ గొలుసులు తోమాడు. దర్జీ కుట్టుమిషను సందులు తోమాడు, ఆయన భార్య పొయ్యి తోమింది. రిటైరైన గుమాస్తా మీసాలు దువ్వాడు, అది చాలక గోడకి రుద్దాడు. పళ్ళు తప్ప కాలనీలో తోమని వస్తువు లేదు.

అధికారి వచ్చాడు, కొలిచాడు, మురిసిపోయాడు. గ్రీజు పట్టిన బ్రష్షు చూసి, "ఇంత పాచి వదిలించారంటే మాటలా!" అన్నాడు. పళ్ళక్క నేలచూపులు చూసింది. ఆ వెంటనే ఆయన పిడుగులాంటి మాట అన్నాడు. "నూటికి నూరు! ఇక్కడ పని పూర్తయింది. పథకం వేరే కాలనీకి మారుస్తున్నాం. రేపట్నించి మీరు రానక్కర్లేదమ్మా."

"అయ్యో, అంతా అబద్ధం సార్! వీళ్ళవన్నీ పుచ్చుపళ్ళే!" అని ఆవిడ నెత్తీనోరూ బాదుకుంది. కాలనీ కాలనీ రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి నోళ్ళు తెరిచింది. గుమాస్తా ఉన్న నాలుగు పళ్ళూ కదిపి మరీ చూపించాడు.

అధికారి ఫారం తిరగేశాడు. "ఇందులో నోటికి గడి లేదండీ," అన్నాడు. సాక్ష్యానికని బ్రష్షులన్నీ గోనెసంచిలో కట్టించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పళ్ళక్క సిగ్గుతో, కోపంతో తలుపేసుకుని కూర్చుంది. ఎనిమిదింటికి ఎవరో తలుపు బాదారు. తీస్తే దర్జీ దంపతులు, మెకానిక్, గుమాస్తా, వెనక పిల్లాజెల్లా.

"ఎందుకొచ్చారు? పథకం లేదు, నాకు జీతం లేదు, మిమ్మల్ని అడిగే నాథుడూ లేడు."

"నిన్న ఒకరి నోళ్ళలోకి ఒకరం చూసుకున్నాం అక్కా," అంది దర్జీ భార్య. "పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఈయన నోరు ఇప్పుడే చూశాను. రాత్రంతా నిద్రపడితే ఒట్టు. ఎలా తోముకోవాలో చెప్పు, ఈసారి వింటాం."

"బ్రష్షులేవే మరి?"

అందరూ చూపుడువేళ్ళు పైకెత్తారు.