పైకి ఎక్కని పాట

నా గొంతు మీద మొదటి తీర్పు అయిదో తరగతిలో వచ్చింది. సత్తెనపల్లి దగ్గర మా ఊరి బడిలో ప్రార్థన పాడే పిల్లల వరసలో నన్నూ నిలబెట్టారు. మర్నాడే మా మాస్టారు నా ముందు ఆగి, తల వంచి కాసేపు విని, "నువ్వు పెదాలు కదుపు, చాలు. గొంతు తియ్యకు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే సాయంత్రానికి మర్చిపోయేవాణ్ణేమో. ఆయన చాలా మామూలుగా, పలకలో తప్పు దిద్దినంత మామూలుగా అన్నారు. అందుకే నమ్మేశాను.

అప్పటినుంచి నలభై దాటేదాకా నేను పెదాలే కదిపాను. రామాలయంలో భజన జరిగితే తాళాలు పుచ్చుకుని పక్కన కూర్చునేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ "ఒక్క పాట పాడండి" అంటే దగ్గొచ్చినట్టు నటించాను. మా వైపు మగవాళ్ళు ట్రాక్టర్ తోలుతూ, మిరప కల్లంలో పట్టాలు పరుస్తూ నోటికొచ్చింది పాడుకుంటారు. నేను ఈల కూడా వేసేవాణ్ణి కాదు.

గుంటూరు శివార్లలో మిరప పొడి ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో నాది సరుకు చూసే పని. కాయ రంగు, తేమ, ఘాటు చూడాలి, రంగు పోయిన తాలుకాయలు ఏరించాలి. కొన్నేళ్ళ కిందట, కల్లాలు నిండా ఎర్రగా ఉన్న రోజుల్లో, జపాన్ నుంచి ఒక పెద్దాయన సరుకు చూడ్డానికి వచ్చాడు. ఆయన మాట మాకూ మా మాట ఆయనకూ చెప్పడానికి చీరాల అమ్మాయి ఒకామె వెంట వచ్చింది. మగ్గాల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. హైదరాబాదులో ఆ భాష నేర్చుకుందట.

సరుకు ఆయనకు నచ్చింది. గెస్ట్ హౌస్‌లో అందరం మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఆ పెద్దాయన సంచిలోంచి ఒక కరోకే మైకు తీసి, ఫోన్‌కి కలిపి, లేచి నిలబడ్డాడు. పాట మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే ఘోరంగా పాడాడు. వెనక వాయిద్యాలు ఒక దారి, ఈయన ఒక దారి. మా మేనేజరు నవ్వు ఆపుకోలేక మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దాయన మాత్రం చివరి మాట దాకా పాడి, అందరికీ తల వంచి దణ్ణం పెట్టి, కూర్చుని పెరుగన్నం కలుపుకున్నాడు. ఆయన మొహంలో సిగ్గు కోసం నేను వెతికాను. లేదు.

చేతులు కడుక్కునే చోట ఆ అమ్మాయిని అడిగాను. "తనకి పాడ్డం రాదని ఆయనకు తెలుసా అమ్మా?"

"బాగా తెలుసండి. పొద్దున కార్లో ఆయనే చెప్పారు" అని నవ్వింది. "అక్కడ ఆఫీసువాళ్ళంతా కలిసి కరోకేకి వెళ్తారండి. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పాడాలి. ధైర్యం లేని మగవాళ్ళు తమకు సరిపడే పాటలు ఏరి పెట్టుకుంటారు. గొంతు మరీ పైకి ఎక్కక్కర్లేనివి, నెమ్మదిగా నడిచేవి, ఇంచుమించు మాట్లాడినట్టుండేవి. సినిమా పాటల్లాంటి మామూలు పాటలేనండి, అందరికీ తెలిసినవే."

"నాకలాంటిది ఒకటి చెప్తావా?"

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆ అమ్మాయి మాత్రం అదేం వింత కాదన్నట్టు, "తప్పకుండా పంపిస్తానండి" అంది.

వారం తిరక్కుండా పంపింది. పాట, దాని కింద ఒక్కో చరణం తను నిదానంగా చదివి, అర్థం చెప్పి రికార్డు చేసిన వాయిస్ మెసేజ్‌లు. వానలో గొడుగు లేకుండా ఇంటికి నడిచి వెళ్ళే మనిషి పాట అది. పెద్ద బాధా లేదు, పెద్ద ప్రేమా లేదు. తడుస్తున్నాడు, నడుస్తున్నాడు, అంతే. మాటలు దాదాపు అన్నీ మన మాటల్లాగే అచ్చుల్తో ముగుస్తాయి. నోటికి ఇట్టే పట్టుబడ్డాయి.

నా సాధన బండి మీద. ఊరు దాటాక హెల్మెట్‌లో గొంతు విప్పేవాణ్ణి. రోడ్డుకి రెండు పక్కలా పత్తి తీసే ఆడవాళ్ళు నడుం ఎత్తి చూసేవాళ్ళు. చూడనీ అనుకున్నాను. నా జన్మలో మొదటిసారి అలా అనుకోవడం. ఒకరోజు స్నానం చేస్తూ మరిచిపోయి పాడాను. బయటికొచ్చేసరికి మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"అదేం భాషండీ?"

"జపాను."

"తెలుగులో పాడుకోవచ్చుగా?"

"తెలుగులో అయితే ఎక్కడ తప్పానో నీకు తెలిసిపోద్ది."

"ఇప్పుడూ తెలిసింది. మధ్యలో ఎక్కడో జారారు" అంది. తువ్వాలు నా చేతికిచ్చి, "ఏం పర్లేదు, పాడండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఏడాదే మా బావమరిది కొడుక్కి పంచెల ఫంక్షన్ చేశారు. సత్తెనపల్లిలో హాలు, స్టేజీ, పెద్ద పెద్ద స్పీకర్లు, కరోకే సెట్టు. పిల్లాడికి పంచె కట్టించి అక్షింతలు వేశాక చుట్టాలంతా ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి పాడారు. యాంకరమ్మాయి, "మామయ్యగారు కూడా ఒక పాట పాడతారా?" అని నావైపు మైకు చాపింది. మా బావమరిది దూరం నుంచే అరిచాడు.

"అమ్మో, మా బావొద్దు! వచ్చినోళ్ళు భోంచెయ్యకుండా పోతారు!"

హాలంతా నవ్వింది. అంతకుముందైతే నేనూ నవ్వేసి కుర్చీలో ఒదిగిపోయేవాణ్ణి. ఆ రోజు లేచాను. నా ఫోన్‌లోని పాట వాయిద్యాలు పెట్టమని, ఫోన్ సౌండ్ కుర్రాడికిచ్చి స్టేజీ ఎక్కాను.

మొదలుపెట్టగానే నవ్వులు పెరిగాయి. "ఒరేయ్, ఏం భాషరా ఇదీ?" అని వెనక వరసల్లోంచి ఎవరో కేకేశారు. ఫోన్లు పైకి లేచాయి. మా బావమరిది స్టేజీ దగ్గరికొచ్చి, "బావా, దిగు. పరువు తియ్యకు" అన్నాడు. నేను దిగలేదు. అతను సౌండ్ బాక్సు వైపు సైగ చేశాడు. మైకు ఆగిపోయింది, వెనక వాయిద్యాలూ ఆగిపోయాయి. నేను మైకు కింద పెట్టి ఉత్త గొంతుతో పాడాను. ఇంకా సగం పాట ఉంది. ఆ సగం వదిలేస్తే మళ్ళీ ఈ జన్మలో నోరు తెరవనని నాకు తెలుసు. ఎక్కడ జారానో, ఎక్కడ తప్పానో లెక్క చూసుకోలేదు. వాన, నడక, ఇల్లు, చివరి మాట. అయ్యాక దణ్ణం పెట్టి దిగాను.

చప్పట్లేమీ మోగలేదు. మా ఆవిడ ఒక్కతే కొట్టింది, గట్టిగా, మిగతావాళ్ళ వైపు కళ్ళెర్రజేసి చూస్తూ. బావమరిది దగ్గరికొచ్చి, "తెలుగు పాట రాక జపాన్ పాట పాడావా?" అన్నాడు.

"అవును. అదీ సరిగా రాదు. అయినా పాడా" అన్నాను.

భోజనాల దగ్గర మా పెదమామయ్య, అంటే మా మామగారి అన్న, ఆకు తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. జీవితమంతా పత్తి పండించిన మనిషి. మాటంటే కేకే. ఇంట్లో ఆయన కూనిరాగం తీస్తే మనవరాళ్ళు చెవులు మూసుకుంటారు. ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి అడిగాడు.

"అల్లుడూ, ఆ పాట కష్టమా?"

"కాదు మామయ్యా. అసలు పైకే ఎక్కదు."

"నాకూ చెప్పు. మీ అత్తయ్య ఉన్నప్పుడు పాడమనేది. నా గొంతుకు సిగ్గేసి పాడలా."

ఆ తర్వాతి ఆదివారం ఆయన పత్తి గోడౌన్‌కి వెళ్ళాను. ఆయనకు తోడుగా రిటైరైన బస్సు కండక్టరొకాయన వచ్చాడు. అరిచి అరిచి ఆయన గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. ముగ్గురం పత్తి కుక్కిన బోరాల మీద కూర్చుని వానలో నడిచే ఆ మనిషి పాట పాడాం. గోడౌన్ పక్కింటావిడ గోడ మీంచి, "ఏందయ్యా ఈ గోల?" అని కేకేస్తే, మా పెదమామయ్య, "పాటమ్మా! ఆదివారం ఆదివారం ఉంటది, అలవాటు చేసుకో!" అని అంతకంటే పెద్దగా కేకేశాడు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం పాడుతున్నాం. ఊళ్ళో నవ్వుతున్నారని బావమరిది ఫోన్ చేస్తే, నువ్వూ రారా, దగ్గర్నుంచి నవ్వొచ్చు అన్నాను. ఈ మధ్య చీరాల అమ్మాయి ఇంకో పాట పంపింది. అందులో ఒక్క చోట గొంతు పైకి పోవాలి. కండక్టరు గారు రెండుసార్లు ప్రయత్నించి దగ్గారు. నేను మధ్యలోనే చతికిలబడ్డాను. పెదమామయ్య మాత్రం ప్రయత్నమే చెయ్యలేదు.

"నేనంత ఎత్తు ఎక్కను. దాన్నే కిందకి దిగమను" అన్నాడు.

ఆ ముక్కని మాకు అందే చోటికి దించి, ముగ్గురం కలిసి మొదటి నుంచీ ఎత్తుకున్నాం.