చేటలో పది బీడీలు

తొంభైల మొదట్లో నిర్మల్‌లో నర్సుగా పనిచేసేటప్పుడు, నయం కాని జబ్బుతో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వారానికోసారి వెళ్లేదాన్ని. సంచిలో ప్రశ్నల కాగితం ఉండేది. నొప్పి ఎంత, నిద్ర ఎంత, మనశ్శాంతి ఎంత, దేవుడి మీద నమ్మకం ఎంత, అన్నింటికీ పదికి ఇన్నని మార్కులు వేయించాలి. అది చూసి డాక్టరు మందు మోతాదు రాసేవారు. నమ్మకానికి మార్కులు అడగాలంటే నాకే నవ్వొచ్చేది.

వాళ్లలో బీడీలు చుట్టే ఒక అవ్వ ఉండేది. కడుపులో గడ్డ. ఎప్పుడడిగినా ఒకటే మాట: "నొప్పి లేదు బిడ్డా, మంచిగున్న. నువ్వు చాయ్ తాగు." నమ్మకం గురించి అడిగితే, "దేవుడేమన్న పరీక్ష రాసిండా, మార్కులేయుమంటున్నవ్?" అని వెక్కిరించింది. నొప్పి సున్నా, శాంతి పది. నేను బుద్ధిగా రాసుకొచ్చేదాన్ని. మందు పెరగలేదు.

మూడో వారం వాకిట్లో బీడీలు చుడుతున్న పక్కింటామె నన్ను ఆపింది. "అవ్వ మా నడుమ కూసోక నెల దాటింది. నొప్పికి పండ్లు బిగవట్టుకోని పంటది. నీకు చెప్పలేదా?"

నాకు ఒళ్లు మండింది. లోపలికి వెళ్లి నిలదీశాను. ఆమె తాపీగా, "ఇంటికచ్చినోళ్ల ముందట ఏడుస్తరా? చాయ్ పోస్తరు గాని" అంది.

ఆ కోపంలోనే వాకిట్లోంచి పది బీడీలు తెచ్చి, చేటలో వేసి ఆమె ముందు పెట్టాను. "అవ్వా, పోయిన వారమంత గీ పది బీడీలనుకో. నొప్పితోని ఖరాబైనయన్ని ఏరి పక్కకు పెట్టు."

నలభై ఏళ్లుగా కట్టలో ఒక్క చెడ్డ బీడీ కలపని చెయ్యి అది. చేటను దగ్గరికి లాక్కుంది. తర్వాత ఒక్కొక్కటే తీసి తొమ్మిది పక్కన పెట్టింది. మిగిలిన ఒక్కదాన్ని వేలితో చూపించి, "గిది నువ్వచ్చిన పూట" అంది. నేను ఆమె ముందే ఏడ్చేశాను.

డాక్టరు మందు పెంచారు. పై వారం వెళ్లేసరికి అవ్వ వాకిట్లో ఆడవాళ్ల నడుమ, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు ఆకు చుడుతున్నాయి, నోరు ఎవరిదో పెళ్లి గొడవ చెబుతోంది. నేను కాగితం తీశాను.

"జర ఆగు బిడ్డా, ముచ్చట నడుమల ఉన్నది."

ఆగాను. ఆ ముచ్చట అయ్యేలోపు ఇంకోటి మొదలైంది. నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి పుట్టింది గానీ ఒక్క ప్రశ్నా అడగలేకపోయాను. ఖాళీ కాగితం చూసి డాక్టరు కోప్పడ్డారు.

"ఆమెకు తీరిక దొరకలేదండీ" అన్నాను.