బీట మీద గాజుముక్క

ఆవిడకు సుత్తక్క అని పేరు పెట్టింది ఇళ్ళ బ్రోకర్లే. కప్పు కారేవీ, గోడలు బీటలు వారినవీ, ఎవరూ కొనని ఇళ్ళను కారుచౌకగా కొని, బాగుచేసి అమ్మడం ఆవిడ పని. ఇల్లు చూడ్డానికి వెళ్తే, కుర్చీ వేసినా కూర్చోదు. సంచిలోంచి సుత్తి తీసి గోడను మోదుతుంది. పెచ్చులు రాలితే ధర కూడా రాలాల్సిందే. ఒక బ్రోకరు కుళ్ళిన దూలానికి రంగు పూసి చూపిస్తే, ఆ దూలం ముక్కతోనే వాడి వీపు విమానం మోత మోగించింది. ఇరవై ఏళ్ళు బండలు పరిచిన చేతులు మరి.

ఆవిడకొక పద్ధతి ఉంది. గోడ బీటకు అడ్డంగా ఒక గాజుముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించి, నలభై రోజులు ఆగుతుంది. గాజు అలాగే ఉంటే బీట పాతది, పూడ్చి రంగేసి అమ్మేయొచ్చు. పగిలిందంటే గోడ ఇంకా కదులుతున్నట్టు, పునాది తవ్వాల్సిందే. గాజు పగిలిన ఇంటిని ఆవిడ ఈనాటిదాకా ఎవరికీ అంటగట్టలేదు.

ఈసారి కొన్న ఇంట్లో తమ్ముడి డబ్బు కూడా ఉంది. దుకాణం తాకట్టు పెట్టి మరీ తెచ్చాడు. తీరా పని మొదలుపెడితే నేల కింద మురుగు గొట్టం ఏళ్ళ తరబడి కారుతోందని తేలింది. ఆ పాడు గొట్టం చేతిలో ఉన్నదంతా మింగేసింది. ఇక పునాది కూడా తవ్వాలంటే మళ్ళీ ఇల్లు కొన్నంత ఖర్చు. ఇక్కడి బీట మీద గాజు పెట్టిన నలభై రోజులూ పోతే, తాకట్టు గడువుకు మిగిలేది పది రోజులే. గాజుముక్కకు దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ ఇద్దరూ.

నలభయ్యో రోజు పొద్దున కొనేవాళ్ళు వచ్చారు, ఒక బస్సు డ్రైవరూ అతని భార్యా. గాజు చెక్కుచెదరలేదు. తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"ఈ గోడ పక్కన పిల్లల మంచం వేద్దామండీ" అంది డ్రైవరు భార్య.

సుత్తక్క అలవాటుకొద్దీ గాజు చివరన సిమెంటు మీద గోరు పెట్టి నొక్కింది. నలభై రోజుల సిమెంటు రాయిలా ఉండాలి. గోరు దిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆవిడకు. తమ్ముడి చొక్కా పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టింది.

"గాజు ఎన్నిసార్లు మార్చావురా?"

"మూడుసార్లు." వాడి ముక్కులోంచి రక్తం కారుతోంది. "అమ్మేద్దాం అక్కా. దుకాణం పోతే నేను రోడ్డున పడతాను."

"మూడుసార్లు పగిలిందంటే ఈ గోడ కూలుతుందిరా వెధవా! సరే, అమ్మేద్దాం. ముందు నీ పిల్లలిద్దర్నీ తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెట్టు. వారం రోజులు పడుకోనీ, అప్పుడు అమ్ముతా."

వాడి జవాబు కోసం ఆగకుండా, ఆవిడ మూలనున్న సమ్మెట అందుకుంది. ఆ గోడకు ఇంకెవరూ రంగు పూయకుండా కూల్చేయాలని. వాడు గునపం అందుకున్నాడు. సమ్మెట లేచేలోగానే వెనకనుంచి ఆవిడ కుడి భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు డ్రైవరుకు కూడా వినబడింది. కేకలు పెడుతున్న భార్యను బయటికి లాక్కుపోయాడతను.

సుత్తక్క మోకాళ్ళ మీద పడింది. లేచింది. ఎడంచేత్తో సమ్మెట ఎత్తి బీటలోకి దించింది. ఇంకోటి వేసింది. తమ్ముడు నడుం పట్టుకుని లాగితే తలతో వాడి మూతి మీద గుద్దింది. రెండు పళ్ళు రాలాయి. నాలుగో దెబ్బకు గోడ కూలింది. నాలుగే దెబ్బలు! దాని కిందా పిల్లల మంచం వేసేది? కప్పులో సగం దాంతోపాటే దిగింది. అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు పట్టుకునే గుమ్మం అవతల పడ్డారు.

మూడో రోజు తమ్ముడు ఆసుపత్రికి వచ్చాడు, మూతి వాచిపోయి ఉంది. స్థలం అమ్మకం కాగితాలు మంచం మీద పెట్టాడు. ఆవిడ ఎడంచేత్తో సంతకం గీకింది.

"నా వాటా కూడా తీసుకో. దుకాణం విడిపించుకో."

"రెండూ కలిపినా సగానిక్కూడా చాలదు."

కాగితాలు మడిచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నువ్వు ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే, పిల్లల్ని తీసుకొచ్చేవాణ్ణక్కా. నిజంగానే తీసుకొచ్చి అక్కడ పడుకోబెట్టేవాణ్ణి."

వాడు వెళ్ళిపోయాక, ఎముక సరిచేస్తున్నప్పుడు కూడా మూలగని ఆ మనిషి, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది.