ఆరని పచ్చ వెలుగు

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ సందులో ఒక పాత మేడ మీది ప్రయోగశాలలో గాజు సీసాలు కడగడం నవత పని. "ఎంతైనా గిన్నెలు తోముడే గదా" అంటుంది వాళ్ళమ్మ యాదవ్వ. ఇంటర్ సగంలో చదువు ఆగిన నవత బదులు చెప్పదు. ఎవరికి బదులు చెప్పాలన్నా ఆమెకు గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. చూడటం మాత్రం బాగా చూస్తుంది.

నవత జీతమంతా, అక్కడ పరిశోధన చేసే హాసిని పెంచే ఈస్టు మీదే నడుస్తోంది. రొట్టెను పొంగించే ఆ ఈస్టులో హాసిని పచ్చగా మెరిసే జన్యువొకటి పెట్టింది. దాని ముందు, ఆ జన్యువును వెలిగించే ప్రమోటర్ అనే మీట. జన్యువులను కోసే క్రిస్పర్ అనే కత్తెరకు పదును తీసేసి, కోయకుండా వెళ్ళి మీట మీద కూర్చునేట్టు చేసింది. కత్తెరను పనిలోకి దించే మందు కలిపిన ప్లేట్లలో అది మీట మీద కూర్చోవాలి, మెరుపు ఆరాలి. దసరా తర్వాత మొదలుపెట్టిన ఒక్క ప్లేటూ ఆరలేదు.

"ఏందమ్మా హాసినీ, నీ మీట కారే నల్లా లెక్కుంది, ఎంత కట్టేసినా వెలుగు కారుతనే ఉంది. ఈసారన్న ఆరకుంటే పని బందే" అన్నాడు ప్రయోగశాల పెద్ద రత్నాకర్ సార్. అది బందైతే నవత కొలువూ బందే.

ఆ మధ్యాహ్నం, ప్లేట్ల మెరుపు చూసే నీలి దీపం పెట్టెను తుడుస్తుంటే, ప్లేటే లేని మూలన ఒక పచ్చటి గీత మెరిసింది. నవత వేలితో గీరి చూసింది. పసుపు! ఉస్మాన్‌గంజ్ దుకాణంలో మూటలు కట్టే యాదవ్వ తెచ్చిన పసుపుతో ఆయుధ పూజనాడు యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టింది తనే. అయితే ఇన్నాళ్ళూ మెరిసింది ఇదేనేమో, ఈస్టు ఎప్పుడో ఆరిందేమో! తిడతారన్న భయాన్ని ఆశ పక్కకు తోసింది.

"అక్కా... గా పెట్టెకు పసుపున్నది. అదే మెరుస్తున్నట్టుంది. నేనే పెట్టిన."

హాసిని వంగి చూసి పకపకా నవ్వింది. "ఓసి నీ పూజ పాడుగాను! ఇన్ని రోజులు నీ బొట్టును చూసి ఏడ్చిన్నా నేను?"

ఇద్దరూ స్పిరిట్‌తో రుద్ది రుద్ది తుడిచారు. మూల చీకటయింది. మందు ప్లేటు పెట్టారు. ఈస్టు చుక్కలు ఎప్పటిలాగే పచ్చగా వెలిగాయి.

"ఇంకా మెరుస్తున్నదా అక్కా?"

"నీకు కండ్లు లేవా?" అని కసిరి, హాసిని గ్లౌజులు లాగి విసిరేసింది. "పసుపు పోయింది. నల్లా కారుడు పోలె. సార్‌కు నేను చెప్త. అన్నీ కుక్కర్ల వెయ్."

నవతకు ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది. ఎవరి మీదో తెలియదు. ప్లేట్లను సంచిలో కట్టి, వాడేసిన వాటిలోని క్రిములను ఆవిరితో చంపే పెద్ద కుక్కర్‌లో పెట్టింది. చల్లారాక, ప్లేట్లు ముద్దగా కరిగిన సంచిని తీసి, ఎవరూ చెప్పకుండానే నీలి దీపం మీద పెట్టింది. ఎక్కడా పచ్చ లేదు.

"అక్కా, ఇగో. ఆరింది."

హాసిని తల తిప్పి చూసింది. "ఔ. చంపితే గాని మాట వినలె."

సంచిని చెత్తలో వేసి నవత నాంపల్లి స్టేషన్ వైపు నడిచింది. రేపటి పనికి ఎవరి గుమ్మం ముందు నోరు తెరవాలో అనుకోగానే, ముల్లు మళ్ళీ గొంతులో దిగింది.